కంటి దాకా చేరిన గంజి

"అక్కా, సైన్సు సారు పోయిండు" అని ఖానాపూర్ నుంచి వచ్చిన మా తమ్ముడు చెప్పేసరికి నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. కలిపిన ముద్ద చాలాసేపు పళ్ళెంలోనే ఉండిపోయింది. చివరికి తినే లేచాను. అన్నం వదిలేసి లేస్తే సారు ఊరుకునేవారు కాదు.

సారు ఉర్దూలో చదువుకున్నారు. మా బడి తెలుగులోకి మారినప్పుడు మాతో పాటు ఆయనా మాటలు వెతుక్కున్నారు. 'హాజ్మా' అనేసి ఆగి, "మీ ఇంట్ల ఏమంటరు?" అని మమ్మల్నే అడిగేవారు. "అరుగుడు సారూ" అంటే, ఆ మాట అప్పుడే పుట్టినంత సంబరంగా బోర్డు మీద రాసేవారు.

ఒకరోజు అందరి చేతుల్లో తలో జొన్నరొట్టె ముక్క పెట్టారు. "మింగొద్దు. నములుతనే ఉండుండ్రి" అన్నారు. నమలగా నమలగా నోరు తీపెక్కింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"చక్కెర ఎవ్వలూ ఎయ్యలే. మీ నోట్లె ఊరిన ఉమ్మే చేసింది. కడుపుల పడకముందే పని షురువైంది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది.

అమ్మను మేం అవ్వ అంటాం. మరోసారి మా అవ్వ గోచీ చీర తెప్పించి వరండా పొడుగునా పరిచారు. నోటి నుంచి చివరి దాకా మన లోపలి దారి దాదాపు అంత పొడుగట.

"గింత దాన్ని గీ కడుపుల మడతపెట్టిండ్రు, ఒక్క ముడి పడకుంట."

"ఎవరు సారూ?" అన్నాను.

"గదే నాకూ తెల్వదు బిడ్డా."

ఆ వానాకాలమే నాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వాగు పొంగి, ఆసుపత్రి ఉన్న నిర్మల్‌కు పోయే బస్సు ఆగిపోయింది. రెండో రోజుకు కళ్ళు లోపలికి పోయాయి. నీళ్ళు పోస్తే రోగం ఇంకా పెరుగుతుందని ఇంట్లో ఇక చుక్క కూడా ఇవ్వడం మానేశారు. నేను బడికి రావడం లేదని సారు పొద్దున్నే చూడటానికి వచ్చారు.

"బియ్యం గంజి పల్చగ కాయి చెల్లె, జర ఉప్పెయ్యి" అన్నారు అవ్వతో.

"నిలుస్తలేదు సారూ. పోసిందంత పోతున్నది."

"అంత పోతలేదు. పేగు కొంచెం పట్టుకుంటది. గా కొంచెమే మనకు కావాలె."

చెంచాతో పోస్తూ కూర్చున్నారు. నేను కక్కితే తుడిచి, కాసేపు ఆగి, మళ్ళీ చెంచా ఎత్తేవారు. ఆ రోజు బడికి పోలేదు. సాయంత్రం ఇక గంజి వద్దని ఏడ్చాను. చెంపలు తడిశాయి. అప్పటిదాకా ఎంత ఏడ్చినా కన్నీళ్ళు రాలేదు. సారు ఆ తడిని వేలితో ముట్టి అవ్వకు చూపించారు.

"చూడు చెల్లె, పొద్దున పోసిన గంజి కంటి దాకా వచ్చింది."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ గంజి నాలో ఏ దారిన పోయిందో తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. ఎంత చదివినా ఆ సాయంత్రపు ఆశ్చర్యం తరగలేదు. ఈ ప్రాణం ఆయన కూర్చున్న ఆ పూట వల్లే ఉంది.

పోయిన ఎండాకాలం ఆదిలాబాద్‌లో మా ఇంటికి వచ్చారు. మూడు నెలల మా పాపకు పాలిచ్చి పడుకోబెట్టాను. సారు టోపీ తీసి, కళ్ళద్దాలు తీసి, కష్టంగా వంగి, ఆ చిన్న కడుపు మీద చెవి ఆనించారు. నేను ఏదో అడగబోతే ఆగమని చెయ్యెత్తారు. పాలు అరిగే చప్పుడు చాలాసేపు అలాగే విన్నారు. పాప ఆయన తెల్లజుట్టును పిడికిట పట్టుకుంది.