మూడు కంప్యూటర్ల అంకుల్

పై ఇంటి అంకుల్ పోయారు. ఆ కబురు వచ్చినప్పుడు నేను గుర్‌గావ్‌లో, ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఫోన్ మీద ఆయన భార్య, ఆంటీ పేరు కనబడింది. ఆవిడ పనివేళల్లో ఫోన్ చేసిందంటే అర్థం ఒక్కటే. ఏదో అర్జెంటుగా కావాలి, అది అంకుల్ మూడు కంప్యూటర్లలో ఎక్కడో ఉంది, నేను వెతికిపెట్టాలి. గది బయటికి పరిగెత్తి, "చెప్పండాంటీ, ఏం వెతకాలి? ఏ ఆసుపత్రిలో ఉన్నారు?" అన్నాను.



"ఎతకడానికి ఏటీ లేదమ్మా," అంది ఆంటీ. "టీ తాగుతూ తాగుతూ అలగే ఒరిగిపోయారు. అంతే."

ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. ముందొచ్చింది భయమే. చదివేవాళ్లకి ఇది స్వార్థంగా తోచవచ్చు. తోచనీయండి. నేను పుట్టు పిరికిదాన్ని. లిఫ్ట్ ఒక్క క్షణం ఆగితే ఒళ్లంతా చెమటలు. ఎవరైనా గట్టిగా దగ్గితే వాళ్లకంటే ముందు నేను డాక్టర్ నంబరు తీస్తాను. ఢిల్లీ ద్వారకలో ఈ అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్లి చేసుకోలేదు, గుంటూరులో అన్నయ్య ఉన్నాడు గానీ పండగలకీ పబ్బాలకీ ఫోన్లే. నాకేదైనా అయి మాట పడిపోతే, నా సంగతులు డాక్టర్లకి చెప్పే మనిషి ఎవరు? ఈ ప్రశ్న నాతోనే నిద్ర లేస్తుంది. అంకుల్ ఉన్నన్నాళ్లూ దానికి జవాబు పైఅంతస్తులో ఉంది. ఇప్పుడు లేదు.

ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో వైర్‌లెస్ సెట్ల దగ్గర పనిచేసి రిటైరయిన మనిషి. ఊరు విజయనగరం. ఊళ్లూ పోస్టింగులూ తిరిగి తిరిగి చివరికి ఢిల్లీలోనే ఉండిపోయారు. పిల్లల్లేరు. ఇంట్లో భోజనాల బల్ల ఉంది గానీ దాని మీద ఎవరూ భోజనం చేసిన పాపాన పోలేదు. దాని మీద మూడు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి ఆయన మొదట్నుంచీ వాడుతున్న విండోస్ డెస్క్‌టాప్. రెండోది వసంత్ కుంజ్‌లో చదువు ముగించి ఊరికి పోతున్న స్టూడెంటు దగ్గర కొన్న మ్యాక్. మూడోది నేను పాతసామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేద్దామనుకున్న ముసలి లాప్‌టాప్. దాన్ని లాక్కుపోయి అందులో లైనక్స్ వేశారు. మూడింటి కీబోర్డుల మీదా తెలుగు అక్షరాల స్టిక్కర్లు. మూడింటిలోనూ అవే ఫైళ్లు.

"ఒకే సామాను మూడిళ్లలో ఎందుకంకుల్?" అని మొదట్లో అడిగాను.

"ఏ ఇంట్లో బేగి దొరుకుద్దో సూడాలి కదమ్మా," అన్నారు.

ఆదివారం పొద్దున్న కాఫీ అవగానే పైనుంచి పిలుపు వచ్చేది. "రా, పోటీ పెడదాం." నేనొక మాట చెప్పాలి. కరెంటు బిల్లు అనో, కుక్కర్ వారంటీ అనో. ఆయన అదే మాట మూడింటిలోనూ కొట్టి, చేతి గడియారం వంక చూస్తూ కూర్చునేవారు. ఆంటీ ఉప్మా పళ్లెం పెట్టడానికి బల్ల మీద చోటు వెతుక్కుంటూ విసుక్కునేది. "ఈ మూడు సవతులతో ఏగలేకపోతన్నానే," అనేది నాతో. ఆయన నవ్వి, "అలగనకండి మేమ్‌సాబ్, మూడూ మీ సేవకే," అనేవారు. భార్యని ఆయన మేమ్‌సాబ్ అని తప్ప మరోలా పిలవగా నేను వినలేదు. ఎవరితో చెప్పినా మేమ్‌సాబే.

ఆ మూడింటి మీదా ఆయనకి నిక్కచ్చి అభిప్రాయాలుండేవి. విండోస్ గురించి, "వీడు పరిచయమున్న ఇళ్ల తలుపులే కొడతాడు. మనం చెప్పని గదిలోకి తొంగిచూడమంటే గంట తీసుకుంటాడు," అనేవారు. మ్యాక్ మీద ముచ్చట ఎక్కువ. "అడక్కముందే అంతా చదివేసి కూర్చుంటాడు. మాట సగంలో ఉండగానే తెచ్చి చేతిలో పెడతాడు. కాపోతే తను చదవలేనిది ఉందని మాత్రం ఒప్పుకోడు." లైనక్స్ దగ్గర బొమ్మలూ భూతద్దాలూ వాడేవారు కాదు. నల్ల తెర తెరిచి, ఫలానా మాట ఎక్కడుందో చూడు అని ఆజ్ఞ టైపు చేసేవారు. "వీడికి జ్ఞాపకాల్లేవు. ఎన్నిసార్లడిగినా మొదట్నుంచీ ఒక్కొక్క ఫైలూ తిరగేస్తాడు. లేటే గాని, సూసిందే చెప్తాడు."

ఏ కంప్యూటరైనా 'ఏవీ దొరకలేదు' అని చూపించిందంటే నాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు. పోయిందే, అంతా పోయిందే అని గోల పెట్టేదాన్ని. అప్పుడు ఆయన అనే మాట ఒకటుంది. "దొరకలేదంటే లేదని కాదమ్మా. మనం అడగడం సరిగా లేదు, అంతే."

ఫైళ్లకి ఆయన పెట్టే పేర్లు చూసి నవ్వుకునేదాన్ని. మనమైతే ఫైనల్, కొత్తది ఫైనల్ అని పెడతాం. ఆయన పూర్తి వాక్యాలే రాసేవారు. 'లాకరు తాళం బీరువాలో ఆకుపచ్చ చీర కింద ఉంది.' అదీ ఫైలు పేరు. లోపల ఏమీ రాసి ఉండదు కూడా. ఇదేం పద్ధతంటే, "దాచినప్పుడు తెలివిగా దాచకు. ఎతికేటప్పుడు మనకి తెలివి ఉంటాదని నమ్మకమేటి? భయంలో ఎతుకుతాం," అన్నారు. అప్పుడు నాకది తమాషాగా తోచింది.

తమాషా కాదని తెలిసింది ఒక చలికాలంలో. దీపావళి వెళ్లాక ఢిల్లీలో గాలి ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. బాల్కనీ నుంచి ఎదురు బ్లాకు కనబడటం మానేసింది. అంకుల్‌కి దగ్గు మొదలై, జ్వరమై, న్యుమోనియాలోకి దిగింది. ఒక మధ్యాహ్నం ఆంటీ ఆయన్ని ఆసుపత్రిలో చేర్చింది. నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. వాళ్లింటి తాళం ఒకటి నా దగ్గరే ఉంటుంది. ఫోన్ మోగింది.

"అమ్మా, ఆయనకి పడని మందు ఏదని అడుగుతన్నారు. ఇదివరకు ఒక పోస్టింగులో సూది పొడిస్తే మొహమంతా వాచిపోయి ఊపిరాడలేదు. దాని పేరు నా నోటికి రావట్లేదే! ఆయన మగతలో ఉన్నారు. కంప్యూటర్లో రాశానని అంటుండేవోరు."

త్వరగా చెప్పమని తొందరపెడుతూ వెనకాల డాక్టర్ గొంతు వినబడింది. "జల్దీ బతాయియే ఆంటీజీ, ఇంజెక్షన్ రెడీ హై."

మెట్లెలా ఎక్కానో నాకు తెలియదు. మూడింటినీ ఆన్ చేశాను. విండోస్‌లో 'పడదు' అని కొట్టాను. ఏవీ దొరకలేదు. మ్యాక్‌లో కొట్టాను. అడక్కముందే తెచ్చే పిల్లాడు ఖాళీ గడి చూపించాడు. 'ఇంజెక్షన్' అన్నాను, 'సూది' అన్నాను, 'అలర్జీ' అన్నాను, ఇంగ్లీషులో అన్నాను. వేళ్లు ఒక అక్షరం మీద పడబోయి ఇంకో అక్షరం మీద పడుతున్నాయి. నల్ల తెర కూడా అంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. ఫోన్ స్పీకర్లో ఆంటీ, "దొరికిందా? దొరికిందా?" అంటూనే ఉంది. నేను దేవుణ్ణి తలుచుకున్నాను, అంకుల్‌ని తిట్టాను, ఏడ్చాను.

ఏడుస్తూనే ఆయన పాత ఫైళ్లు ఒక్కొక్కటీ తెరవడం మొదలెట్టాను. మొదట కంప్యూటర్ కొన్న రోజుల్లోవి. అప్పటికి వాక్యాల పేర్లు లేవు, అన్నీ న్యూ ఒకటి, న్యూ రెండు, అంతే. లైనక్స్‌లో తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ బ్రాకెట్లూ కలిపి చల్లినట్టుంది. అదే ఫైలు విండోస్‌లో తెరిస్తే చక్కటి తెలుగు!

అప్పుడు వెలిగింది. ఆ కాలంలో తెలుగు టైపు చెయ్యడమంటే కంప్యూటర్‌ని ఏమార్చడమే. పాత తెలుగు ఫాంటు వేసుకుంటే తెర మీద మనకి తెలుగు కనబడుతుంది. లోపల అది దాచుకునేది మాత్రం ఆ ఇంగ్లీషు చెత్తే. ఈనాటి తెలుగులో అడిగితే ఏ కంప్యూటరూ దాన్ని పోల్చుకోలేదు. మన తెలుగువాళ్లం ఎంతమందిమి అలా రాసి పెట్టుకున్నామో! అంతా భద్రంగా ఉంది, అడిగితే మాత్రం పలకదు.

విండోస్‌లో ఆ పాత ఫాంటు పెట్టి 'పడదు' అని టైపు చేశాను. ఫాంటు మార్చేశాను. ఆ మాట చెత్తగా మారింది. అందులో మామూలు ఇంగ్లీషు అక్షరాలున్న ముక్క పట్టుకుని లైనక్స్ నల్ల తెరలో కొట్టాను. జ్ఞాపకాల్లేని ఆ ముసలి లాప్‌టాపు మొదట్నుంచీ ఫైళ్లు తిరగేసి, ఒక పేరు చూపించింది. దాన్ని విండోస్‌లో తెరిచాను. తెలుగులో ఉంది మందు పేరు.

ఫోన్‌లో చదివాను. ఆంటీ డాక్టర్‌కి చెప్పింది. అవతల ఏదో తిరిగి ట్రేలో పెట్టిన చప్పుడు. ఆ తర్వాత డాక్టర్ నెమ్మదిగా, "యహీ లగానే వాలే థే," అన్నాడు. వాళ్లు పొడవబోయింది ఆ మందే. నేను ఆ బల్ల పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

అంకుల్ ఇంటికొచ్చాక శభాష్ అంటారనుకున్నాను. అనలేదు. జరిగింది విని ఆయన మొహం పాలిపోయింది. అంత ధీమా మనిషి భయపడటం నేనప్పుడే చూశాను. "నేను దాసిందే నీకు దొరకలేదు," అన్నారు. "నా టైముకి నువ్వు తిప్పలు పడి తీశావు. మేమ్‌సాబ్ టైముకి నేనుండనేమో. అప్పుడేటి?"

ఆ రోజు నుంచి పోటీలు ఆగిపోయాయి. పాత ఫైళ్లన్నీ ఈనాటి తెలుగులో మళ్లీ టైపు చెయ్యడం మొదలెట్టారు. ఆదివారం వెళితే తలెత్తకుండా, "ఉప్మా తిను," అనేవారు. ఒకరోజు మాత్రం కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "నీకేటి పడదమ్మా?" అని అడిగారు.

"నాకు ఏదీ పడదంకుల్. అన్నీ భయమే," అని నవ్వేసి ఉప్మా తిన్నాను. జబ్బు మాట పైకి అంటే జబ్బు వస్తుందని నాకు లోపల్లోపల ఒక పిచ్చి. ఆయన మళ్లీ అడగలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక, మొన్న ఆదివారం ఆంటీ నన్ను పిలిచింది. "ఇవేటి చెయ్యమంటావే? ఎవరికైనా ఇచ్చేద్దామా?" అంది, బల్ల వంక చూడకుండా. చూద్దాం లెండి అని ముసలి లాప్‌టాపు ఆన్ చేశాను. నల్ల తెరలో పైకి చూపే బాణం మీట నొక్కితే, అంతకుముందు అందులో టైపు చేసినవి వెనక నుంచి ముందుకి ఒక్కొక్కటీ కనబడతాయి. ఎందుకు నొక్కానో తెలియదు. ఆయన చివరగా ఏం వెతికారో చూడాలనిపించింది.

'ఆంటీకి పడని మందు.' మళ్లీ నొక్కాను. 'ఆంటీ మొహం వాచింది.' ఇంకోసారి. 'ఆంటీ సూది వద్దు.' 'ఆంటీ అలర్జీ.' తర్వాతది అక్షరాలు తారుమారై ఉంది, కంగారులో వేళ్లు తప్పి కొట్టినట్టు. 

ఆయన నోట ఏనాడూ ఆంటీ అన్న మాట రాలేదు. ఆ మాట నాది. వెతుకుతున్నది ఆయన కాదు. భయంలో, ఏడుస్తూ, ఫోన్ స్పీకర్లో పెట్టుకుని నేనెలా అడుగుతానో అలా అడిగి చూసుకున్నారు. అడిగినవన్నీ దొరుకుతున్నాయా లేదా అని. నేను ఒక్కోటీ ఎంటర్ కొట్టి చూశాను. అన్నింటికీ అదే ఫైలు వచ్చింది; నేను తప్పు కొడతానని ఆ తారుమారు మాటని కూడా కావాలనే అందులో రాసి పెట్టారు. దాని పేరు 'కంగారు పడకమ్మా, ఆంటీకి పడని మందులు ఇవి.'

కళ్లు తుడుచుకుని మళ్లీ బాణం నొక్కాను. ఇంకొకటుంది. 'కింద ఇంటి అమ్మాయికి పడని మందు.'

యాభైకి దగ్గర పడుతున్న నన్ను ఆ సొసైటీలో అమ్మాయి అనే మనిషి ఆయనొక్కరే. ఎంటర్ కొట్టాను. ఏమీ రాలేదు. ఖాళీ వరస ఒకటి వచ్చి గీత కొట్టుకుంటూ నిలబడింది. ఆయన ఎన్నిసార్లు కొట్టి చూసి ఉంటారో! దొరకలేదంటే లేదని కాదనేవారు. ఈసారి నిజంగానే లేదు. నేను చెబితే కదా ఉండటానికి.

"వచ్చిందా?" అంది వంటింట్లోంచి ఆంటీ.

"రాలేదాంటీ."

"ఏటది రానిది?"

చదివి వినిపించాను. ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుని, "లే," అంది. నేను లేచాను. ఆయన కుర్చీలో ఆయన లాగే ముందుకి జరిగి కూర్చుని, కీబోర్డు పక్కనున్న ఆయన కళ్లజోడు తీసి పెట్టుకుంది.

"చెప్పు. నీకేటి పడదు?"

"మీకు టైపు రాదు కదాంటీ."

"రాకపోతే ఎతుక్కుంటాను. నువ్వు చెప్పు."

చెప్పాను. ఒక నొప్పుల బిళ్ల. ఒకసారి అది వేసుకుంటే కనురెప్పలు వాచాయి, గొంతు బిగుసుకుపోయింది. ఎవరైనా లోపలికి రావడానికి వీలుగా వీధి తలుపు గడియ తీసిపెట్టి, దాని పక్కనే నేల మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. అదే తగ్గింది. ఆ సంగతి ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంటే నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆంటీ నన్ను ఓదార్చలేదు. ఆ బిళ్ల పేరు మళ్లీ చెప్పమంది, నిదానంగా. మొదటి అక్షరం కోసం ఆవిడ వేలు ఆ స్టిక్కర్ల మీద గాలిలో, ఈ చివర నుంచి ఆ చివరకి, వెతుకుతూ ఉంది.