నాయన లెక్కకు రాని బాయిలర్

మా నాయన నగరిలో నలభై ఏళ్లు నూలుకు రంగులు వేశాడు. రంగునీళ్లు మరిగించే బాయిలర్ దగ్గర మంట ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో చెప్పేది ఆయన ఒక్కడే. పనివాళ్లు కట్టెలు చేత పట్టుకుని ఆయన నోటి వైపు చూస్తూ నిలబడేవాళ్లు. రంగు వేసిన నూలు బయటినుంచే రావడం మొదలయ్యాక మా కార్ఖానా మూతపడింది. అయినా నాయన రోజూ వెళ్లి ఆ బాయిలర్‌ను తుడిచి వస్తాడు.

నేను తిరుపతిలో ఒక కాలేజీ వర్క్‌షాపులో పని నేర్పిస్తాను. సెలవుల్లో కూర్చుని చిన్న ఆవిరి ఇంజను చేశాను. దాన్ని పన్నెండడుగుల పడవకు బిగించి మా ఊరి చెరువులో తిప్పాలని, మంట మాత్రం నాయన చేతికే అప్పగించాలని నా ఆశ. ఇంజను సిద్ధం, పడవ సిద్ధం. బాయిలర్ దగ్గరే నాయన నా ప్రాణం తీశాడు.

సన్నటి రాగి గొట్టాలు వరసగా పేర్చిన బాయిలర్ బొమ్మ చూపించాను. పడవకు అదే సరి. బరువు తక్కువ, పట్టే నీళ్లు తక్కువ. మంట తగిలే చోటు ఎక్కువ కాబట్టి ఆవిరి త్వరగా పుడుతుంది. నాయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఈ గొట్టాల్లో నీళ్లు యాడ పడతాయప్పా? ఒక్క చిట్టం గూడా ఉడకదు," అన్నాడు.

చిట్టం అంటే నూలు చుట్ట. ఏ బాయిలరైనా ఎన్ని చిట్టాలు ఉడకబెడుతుందన్నదే ఆయన లెక్క. పడవలో మనం నూలు ఉడకబెట్టబోవడం లేదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. పోనీ నాలుగు రకాలు చూస్తాడని, తిరుపతిలో హోటళ్లకు ఇడ్లీ బాయిలర్లు చేసే షెడ్డుకు తీసుకెళ్లాను. గంటకు వెయ్యి ఇడ్లీలు ఉడుకుతాయని ఆ షెడ్డాయన అనగానే నాయన మొహం వెలిగిపోయింది. లెక్క తెలిసినవాడు ఒకడైనా దొరికాడన్నట్టు నావైపు తిరిగాడు. ఇడ్లీ ఉడికే ఆవిరికి ఇంజను తిప్పే బలం ఉండదన్నాను. బస్సులో నగరి దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.

చివరికి విసిగిపోయి, చిట్టాలు పట్టే బాయిలరే కావాలన్న ఆయన మాటే విన్నాను. కార్ఖానాలో కొత్త రంగులు సరిచూడడానికి వాడిన చిన్న బాయిలర్ ఉంటే, పరీక్ష చేయించి పడవకెక్కించాం. తెలిసి తెలిసి ఆ పని చేశాను, నా మీద నాకు కోపం అందుకే. నలుగురు పట్టుకుంటే గానీ అది లేవలేదు. నీళ్లు పోసేసరికి పడవ అంచు చెరువు నీటికి బెత్తెడు ఎత్తున మిగిలింది. గంటన్నర కట్టెలు మింగి, రెండు తాటిచెట్ల పొడవు దూరం నడిపించి చల్లారిపోయింది. ఎండలో, నీళ్ల మధ్య, ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. అప్పుడు అనకూడని మాట అనేశాను.

"రంగునీళ్లు కాసేది తప్ప నీకేం తెలుసు నాయనా? ఇంక దీని జోలికి రావద్దు."

ఆయన తెడ్డు అందుకుని పడవను ఒడ్డుకు చేర్చాడు.

రాగి గొట్టాల బాయిలర్ చెన్నైలో చేయించుకొచ్చాను. పావుగంటలో ఆవిరి వచ్చింది. రానంటున్న నాయనను బతిమాలి తీసుకొచ్చి మంట ముందు కూర్చోబెట్టాను. ఇంజను ఆగకుండా తిరుగుతూ పడవను చెరువు నడిమికి తీసుకొచ్చింది. ఆవిరి బలం చూపే ముల్లు కొద్దికొద్దిగా దిగుతోంది. పుల్లలు వేయాల్సిన సమయం. నాయన ఒక పుల్ల చేత పట్టుకుని, నా నోటి వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడు ఎయ్యల్లా అప్పా, ఇంకా ఉండల్లా?" అని అడిగాడు.

ఆయన నా మాట వినాలనే కదా ఇన్ని నెలలు కొట్లాడాను. వేయమని చెప్పకుండా, దిగిపోతున్న ముల్లునే చూస్తూ కూర్చున్నాను.