నా కుడిచేతికి అంటిన వాసన

దెయ్యాలనీ గాలి సోకడమనీ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. నేను చదివింది కెమిస్ట్రీ. చేసిన ఉద్యోగాలన్నీ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబుల్లోనే, ముందు అనకాపల్లి దగ్గర, తర్వాత దక్షిణాఫ్రికాలో. దెయ్యాల విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఈ ఒక్క సంగతి మాత్రం ఏమనుకోవాలో తెలియక అలాగే ఉండిపోయింది.

ముందే చెప్తున్నాను, ఇందులో భయపడాల్సింది తక్కువ. ఆ రోజు నాకు వేసింది అసహ్యం. భోజనానికి ముందు చదవకపోతే మంచిది.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ కలిసి మొదటిసారి ఓటేసిన ఎన్నికలు అయిపోయి ఎక్కువ కాలం కాలేదు. డర్బన్‌కి దక్షిణాన ఉంజింటోలో చక్కెర మిల్లులో కెమిస్టుగా చేరాను. ఊరి చుట్టూ గుట్టల నిండా చెరకు, వీధిలో మనవాళ్ళ కొట్లు, కాస్త దూరంలో సముద్రం. అప్పుడే పెళ్ళయింది. నా భార్య సుజాత నా తర్వాత కొన్ని నెలలకి వచ్చింది.

మేం డానీ అప్పల్‌సామి ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. డానీ మా మిల్లులోనే ఎలక్ట్రీషియన్, నాకన్నా బాగా పెద్ద. వాళ్ళ ముత్తాత చెరకు కొట్టే పనికి మన దేశంనుంచి ఓడెక్కి వచ్చాడు. డానీకి ఇంగ్లీషు తప్ప రాదు గానీ, నన్ను మాత్రం 'తమ్ముడూ' అనేవాడు.

వాళ్ళమ్మకి తెలుగు వచ్చు. అందరితో పాటు మేమూ ఆవిణ్ణి అవ్వ అనేవాళ్ళం. డెబ్భై దాటిన మనిషి. ఆవిడ తెలుగు మధ్యలో తెగిపోయేది, ఇంగ్లీషూ అక్కడి జూలూ భాషా వచ్చి అతుక్కునేవి. తిట్టడం మొదలుపెడితే మాత్రం ఒక్క పరాయి మాట దొర్లేది కాదు. అచ్చం మా నాయనమ్మే. ఆ తిట్లు వినడానికే సుజాత వాళ్ళ వంటింట్లో కూర్చునేది.

అక్కడ వానలు వేసవిలోనే పడతాయి. ఆ ఏడు అవి తగ్గి, మిల్లులో ఇంకా చెరకు ఆడే క్రషింగ్ మొదలుకాని రోజుల్లో, తీరంలో నీళ్ళు చీకట్లో నీలంగా మెరుస్తున్నాయని అందరూ చెప్పుకున్నారు. కంటికి కనిపించనంత చిన్న జీవులు నీళ్ళలో పెరుగుతాయి, కదిపితే వెలుగుతాయి. అందులో వింతేమీ లేదని సుజాతకి వివరించాను. అయినా చూడాలంది.

డానీ రెండు కరపత్రాలు తెచ్చాడు. ఒకటి ఉత్తరాన షాకాస్‌క్రాల్ దాటాక ఎవరిదో రిసార్టు. పెద్ద గుంపు, ముందు దారి చూపడానికి మోటారు పడవ, చివర్లో మాంసం కాల్చి విందు. రెండోది మాకు దగ్గర్లోనే. ఒక చిన్న నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేటవేసి మడుగులా నిలిచిపోయింది. దాని ఒడ్డున బోటు క్లబ్బు. ఒకప్పుడు తెల్లవాళ్ళకి తప్ప గేటు తెరిచేవారు కాదు, ఇప్పుడు ఎవరైనా వెళ్ళొచ్చు. ఇద్దరేసి కూర్చుని తెడ్డేసే కయాక్ పడవలు, వెంట ఒక గైడు.

నేను రెంటినీ శ్రద్ధగానే పోల్చి చూశాను. మోటారు పడవ దీపం ముందుంటే నీళ్ళ వెలుగు కనబడదు. అలలుంటే సుజాత భయపడుతుంది. మడుగైతే నిలకడ నీళ్ళు. వాన పడి మట్టినీరు దిగితే ఆ జీవులు చచ్చిపోతాయి, చంద్రుడుంటే దండగ. అమావాస్య దగ్గర్లో ఉంది, వానలు లేవు. మడుగే మేలని తేల్చాను.

అది వినగానే అవ్వ తనూ వస్తానంది. డానీ కుదరదన్నాడు. ఆవిడ ఆ పూట అన్నం మానేసి గుమ్మంలో కూర్చుంది. చివరికి నాతో అంది.

"సిన్నప్పుడు సెరుకు తోటలోంచి సూసేది, దూరంగా. ముట్టనిచ్చేది లేదు మాకు. ఇప్పుడు ముడతాను."

డానీ క్లబ్బుకి ఫోన్ చేసి ఇంకో సీటు చెప్పాడు.

చీకటి పడుతుండగా వెళ్ళాం. అవ్వ చీర కింద కొడుకు ట్రాక్ ప్యాంటు తొడుక్కుని, పైన లైఫ్ జాకెట్ బిగించుకుంది. గైడు కాళ్ళకి చెప్పుల్లేని తెల్ల కుర్రవాడు, మర్యాదస్థుడు. అవ్వ వయసు చూసి అభ్యంతరం పెడతాడేమో అనుకున్నాను, పెట్టలేదు. కొడుకుతో కూర్చుంటే అరుస్తాడని అవ్వ నా పడవలో ముందు సీట్లో కూర్చుంది. సుజాత డానీతో ఎక్కింది. గైడు ఒంటరిగా ముందు వెళ్ళాడు.

వెలుగు నిజంగానే బాగుంది. తెడ్డు దించిన చోటల్లా నీలం మంట లేచి ఆరిపోయేది. అవ్వ చెయ్యి నీళ్ళలో పెట్టి అలాగే ఉంచేసింది. వేళ్ళ చుట్టూ వెలుగు పారుతుంటే ఆవిడ భుజాలు కదలడం చూశాను. నవ్విందో ఏడ్చిందో వెనకనుంచి తెలియలేదు.

మడుగు అవతలి ఒడ్డున రెల్లు దుబ్బుల దగ్గరికి వచ్చాక వాసన మొదలైంది.

వాసనల గురించి నాకు తెలియదని ఎవరూ అనలేరు. మిల్లు వెనక మురుగు గుంటలోంచి శాంపిళ్ళు తీయడం నా పని. కుళ్ళిన గుడ్డు వాసన, పులిసిన మడ్డి వాసన, వీటి మధ్య నిలబడి టిఫిన్ తిన్నవాణ్ణి. ఇది వాటిలో ఏదీ కాదు. మూసిన బీరువా వెనక ఎలుక చచ్చి ఉబ్బినప్పటి కంపు, దానిలో కలిసి ఒక తీపి. ఆ తీపే భరించలేకపోయాను. ముక్కు మూసుకుంటే నాలుక మీద తెలిసింది.

అప్పుడే నా కుడి పక్క నీళ్ళు వెలగడం లేదని గమనించాను. చుట్టూ అంతా మెరుస్తోంది. పడవని ఆనుకుని ఒక మనిషి పడుకున్నంత మేర నల్లగా ఉంది. పడవ కదిలితే అదీ కదిలింది. ఆగితే ఆగింది.

తెడ్డు అందులో దించాను. నీళ్ళలో దిగినట్టు లేదు, చల్ది పెరుగన్నంలో గరిటె దిగినట్టుంది. లాగబోతే చెయ్యి జారి మణికట్టు దాకా మునిగింది. వేళ్ళ సందుల్లోంచి మీగడ తరకలాంటిది జారి వెళ్ళింది. అది వెచ్చగా ఉంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, అది మాత్రం ఒంటి వెచ్చదనంతో ఉంది.

నేను ఎడమపక్కకి వంగి వాంతి చేసుకున్నాను.

అవ్వ వెనక్కి తిరిగింది. నన్ను చూడలేదు. ఆ నల్లటి మేర కేసి చూసింది. వంటింట్లోకి వచ్చిన కుక్కని అదిలించినట్టు, గొంతు పెంచకుండా అంది.

"సిగ్గు లేదేటి నీకు? ఇంకా ఇక్కడే ఉన్నావా? పో. అవతలికి పో."

అది కాసేపు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా రెల్లు వైపు జరిగింది. అది ఖాళీ చేసిన చోట నీళ్ళు మళ్ళీ మెరిశాయి.

సుజాత, డానీ మా వెనకే ఉన్నారు. మేం ఆగడం, నేను వాంతి చేసుకోవడం చూశారు. వాళ్ళకి ఏ వాసనా రాలేదు. గైడుకీ రాలేదు. నల్లటి మచ్చ సంగతి చెప్తే, రెల్లు కుళ్ళిన చోట నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి ఆ జీవులు చచ్చిపోతాయని, అక్కడ వెలుగుండదని అన్నాడు. సబబైన మాట. నేనైనా అదే చెప్పేవాణ్ణి. ఆ వెచ్చదనానికి మాత్రం ఆ మాట సరిపోలేదు.

ఇంటికొచ్చి స్నానం చేశాక సుజాత అన్నం వడ్డించింది. టమాటా పప్పు. కలిపి ముద్ద నోటి దగ్గరికి తెచ్చాను. నా వేళ్ళలోంచి ఆ వాసన వచ్చింది. ముద్ద కంచంలో పడేసి పెరట్లోకి పరిగెత్తాను.

ఆ తర్వాత రోజుల్లో సబ్బు, శనగపిండి, చింతపండు, నిమ్మచెక్క అన్నీ అయ్యాయి. ల్యాబులో ఆల్కహాల్‌తో కడిగాను. తోలు ఊడొచ్చింది గానీ వాసన పోలేదు. సుజాత చూసి సబ్బు వాసనే వస్తోందంది. ల్యాబులో వాళ్ళూ అంతే. డాక్టరు ముక్కు పరీక్షించి, మెదడు ఒక్కోసారి లేని వాసన పుట్టిస్తుందని, అదే తగ్గుతుందని పంపేశాడు. ఆయన మాట నమ్మాను. నమ్మినా వాసన వస్తూనే ఉంది.

ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిన్నాను. కుడిచెయ్యి బల్లమీద ఉంటే చాలు, డోకు వచ్చేది. పడుకునేటప్పుడు ఆ చేతికి ప్లాస్టిక్ సంచి కట్టుకునేవాణ్ణి. చిక్కిపోయాను.

అన్నిటికన్నా ఘోరం సుజాత సంగతి. ఆ చేత్తో ఆమెని ముట్టుకుంటే, నా ముఖం దానంతటదే వికారంగా మారిపోయేది. చీకట్లో కూడా ఆమెకి తెలిసిపోయేది. తనంటేనే నాకు రోత అనుకుంది. ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మమని ఏ ముఖంతో అడగను? తనని అనకాపల్లి పంపించెయ్యమని ఒకరోజు మెల్లగా అడిగింది. ఏడవలేదు కూడా.

అవ్వతో ఈ విషయం సుజాతే చెప్పి ఉండాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మా వాటాలోకి వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చెయ్యి ఇమ్మంది. ముక్కు దగ్గరికి తీసుకుంది.

అంతవరకూ ఆ చేతిని వాసన చూసినవాళ్ళెవరూ మొహం చిట్లించలేదు. అవ్వ తల ఒక్కసారి వెనక్కి విసురుగా పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చెయ్యి వదల్లేదు.

సుజాతని అన్నం, పప్పు తెమ్మంది. నన్ను కలపమంది. కలిపి తనకి పెట్టమంది.

నేను లేచి నిలబడ్డాను. నావల్ల కాదన్నాను. ముసలావిడ నోట్లో ఆ చెయ్యి ఎలా పెట్టను? ఆవిడ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

"నీకెందుకు ఇది? నువ్వు మొన్న వచ్చినోడివి. ఇది మాది."

నోరు తెరిచింది.

పెట్టాను. ఆవిడ పెదాలు నా వేళ్ళకి తగిలాయి. నమిలింది. గొంతు దిగలేదు. దవడలు ఆగిపోయాయి, చెంపలు ఉబ్బాయి, కక్కేస్తుందనుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని మింగింది. మళ్ళీ నోరు తెరిచింది. కంచంలో మెతుకు మిగలకుండా అలాగే తింది. ఆఖర్న నా వేళ్ళు ఒక్కొక్కటే నాకింది. సుజాత గోడవైపు తిరిగిపోయింది. నాకు తిరిగే వీల్లేకపోయింది.

అవ్వ చెంబెడు నీళ్ళు తాగి, పెరడు దాటి తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను కుడిచేత్తో అన్నం తిన్నాను. వాసన లేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. సుజాత నా పక్కన కూర్చుని, తినే చెయ్యినే చూస్తూ అప్పుడు ఏడ్చింది. అనకాపల్లి మాట మళ్ళీ ఎత్తలేదు.

మడుగులో ఉన్నది ఎవరని అవ్వని అడిగాను. పొయ్యి మీద కూర ఉందంటూ లేచి వెళ్ళింది. మరోసారి అడిగితే మరో పని దొరికింది. మడుగులో మీవాళ్ళెవరైనా పోయారా అని డానీని అడిగాను. తనకి తెలిసి లేదన్నాడు. పెద్దవాళ్ళైన మేనత్తల్ని కనుక్కుని మరీ చెప్పాడు. ఎవరూ పోలేదట.

క్రషింగ్ మొదలయ్యాక ఒకరోజు మిల్లులో టీ తాగుతూ డానీ ఎందుకో ఒక మాట ఎత్తాడు. వాళ్ళమ్మ చేత్తో తినడం మానేసిందట. జన్మంతా చెంచాతో తినేవాళ్ళని వెక్కిరించిన మనిషి. ఇప్పుడు ఎడమచేత్తో చెంచా పట్టుకుని, కుడిచెయ్యి చీర మడతల్లో దాచుకుని తింటోందట. అడిగితే తిడుతోందట. నీకేమైనా తెలుసా తమ్ముడూ అన్నాడు. తెలియదన్నాను.

ఆవిడ మరికొన్నేళ్ళు బతికింది. నేను డర్బన్‌లో వేరే చక్కెర ఫ్యాక్టరీకి మారాక అక్కడే సిడెన్‌హామ్‌లో ఇల్లు తీసుకున్నాం. అప్పుడప్పుడు ఉంజింటో వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. వెళ్ళినప్పుడల్లా బల్లమీద ఆ చెంచా కనబడేది.

చివరిసారి వెళ్ళినప్పుడు, సెలవు తీసుకుంటూ ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నాను. లాక్కోబోయింది, నేను వదల్లేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకుని గట్టిగా పీల్చాను. కొబ్బరినూనె వాసన తప్ప ఏమీ రాలేదు. అదే చెప్పాను ఆవిడకి, ఏమీ లేదు అవ్వా, అని.

ఆవిడ మాత్రం ముక్కు కొంగుతో మూసుకుని, ముఖం పక్కకి తిప్పుకుని ఉంది. అది ఏమిటో, ఎవరిదో, నానుంచి ఆవిడకి ఎలా వెళ్ళిందో నాకు ఈ రోజుకీ తెలియదు.