సుగుణ కోసం నేను చేయించిన ప్రార్థన

ఇన్నేళ్లుగా ఒక ప్రార్థన నా గుండెల మీద బండలా కూర్చుంది. ప్రార్థన బరువెక్కడమేమిటి అంటారేమో. ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు మాకొక పాత ఇంగ్లీషు నాటకం ఉండేది. చచ్చిపోయిన తండ్రి దెయ్యమై వచ్చి, తనను చంపినవాడి మీద పగ తీర్చుకోమని బిడ్డను అడుగుతాడు. కాలేజీ వార్షికోత్సవానికి దాన్నే ఆడిద్దామని మా మేడమ్‌గారు ముచ్చటపడ్డారు. ముఖ్యమైన వేషం సుగుణకిచ్చారు. సుగుణ నా ప్రాణ స్నేహితురాలు. మామిడికుదురు నుంచి ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే సీటు. నాకేమో సేవకుడి వేషం, రెండు ముక్కలు మాట్లాడి లోపలికి పోవాలి. సుగుణ నాకు చేసిన అపకారమేమిటి? ఆ వేషం మాటలు నాకంటే బాగా చదివింది. అంతే. దానికే నా కడుపు రగిలిపోయింది.

మా సంఘం వాళ్లం వారానికొకరింట్లో చేరి ప్రార్థన చేసుకునే గృహకూడిక ఆ వారం సుగుణ వాళ్లింట్లోనే. పాస్టరుగారు ప్రార్థన మనవులుంటే చెప్పమనగానే చున్నీ తలమీదికి లాక్కుని లేచాను. కాలేజీలో దెయ్యంతో మాట్లాడే నాటకం వేస్తోందండీ, సుగుణ కోసం ప్రార్థన చేయండి అన్నాను. అందరూ కళ్లు మూసుకున్నారు. వాళ్ల నాన్నగారు మాత్రం కళ్లు తెరిచి కూతురి వైపే చూస్తున్నారు. నాకెలా తెలుసంటారా? నేనూ మూసుకోలేదు.

సుగుణ నాటకం మానేసింది. ఆ వేషం నాకొచ్చింది. మరి మాటలు నేర్పిందెవరనుకున్నారు? సుగుణే. పగబట్టినవాడు ఎందుకు వెనకాడతాడో, ఎక్కడ గొంతు తగ్గించాలో, రోజూ బస్సులో ఓపిగ్గా చెప్పేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నా మీద కోపం లేదేంటే?"

"కోపమెందుకే? ఎవరైనా చాడీ చెప్పుంటే నాన్నగారు చదువే మాన్పించేసేవారు. నువ్వు ప్రార్థనలో పెట్టేవు కాబట్టి నాటకంతో సరిపెట్టేరు. ఊఁ, చెప్పు, స్టాపు వచ్చేస్తుంది."

ఆ క్షణాన నిజం చెప్పి ఉండాల్సింది. మాటలు అప్పజెప్పాను.

ఇప్పుడు సుగుణ రాజోలులో ఇంగ్లీషు లెక్చరర్. తన చదువు నిలబెట్టింది నేనేనని పిల్లలకు ఇప్పటికీ చెబుతుంది. వాళ్లింటికెళ్లినప్పుడు నేను నోరు తెరిచే లోపు పనసపొట్టు కూర వడ్డించి తినమంటుంది. ఆ పిచ్చిదంటే నాకెంత ఇష్టమో! మొన్న ఫోన్ చేసి, క్లాసులో ఆ నాటకమే చెబుతున్నాననీ, వచ్చి పిల్లలకు ఆ వేషం చేసి చూపించమనీ అడిగింది. వెళ్తాను. ఆమెకు చెప్పగలనా? తెలీదు. మీకు చెప్పేసరికే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దేవుడి పేరు పెట్టి, నా సుగుణ మీద చాడీ చెప్పాను.