మైకులో నేను చెప్పిన మాట

ఓర్వకల్లు పక్కన మాదొక పల్లె. చర్చి మైకు నా చేతిలోనే ఉండాది. ప్రార్థనకు పిలవనీకి, ఎవరన్నా పోతే చెప్పనీకి తప్ప దాన్ని ముట్టం. అందుకే దాంట్లో ఏం చెప్పినా ఊరు మారుమాట లేకుండా నమ్ముతాది.

సరిహద్దులో బాంబులు పడతాండిన రోజులు. పొద్దున్నే ఫోనులో ఒక వీడియో వచ్చింది. పక్క దేశం డ్రోన్లు మన ఓర్వకల్లు విమానాశ్రయాన్ని కాల్చేసినాయంట. పొగ, మంటలు, ఏడుపులు. అది మా మిద్దె మీదికి కనపడతాది, ఎక్కి చూసింటే నిజమేందో తెలిసిపోయేది. నా పాడు బుర్రకు ఆ మాత్రం తోచలేదు.

"డ్రోన్లు వస్తాండాయి, శత్రువులు దిగినారు. అందరూ చర్చికాడికి రాండి, మగోళ్లు కట్టెలు తెచ్చుకోండి" అని మైకులో గొంతు చించుకున్నా.

కాసేపటికి టమోటా తోటల దిక్కు నుంచి ఒకాయన పరిగెత్తుకుంటా వచ్చినాడు. మూతికి గుడ్డ, కండ్లకు అద్దాలు, చేతిలో డ్రోను. ఇంకేం కావాల మాకు? పార కట్టెతో ఒకడు తల మీద ఏసినాడు. కింద పడినాక తొక్కినారు. చెయ్యి విరిగిన చప్పుడు నాకు ఇనపడింది.

"అన్నా, నాది కడపన్నా" అంటాండాడు.

"మన మాట నేర్చుకోని వచ్చినాడు నాకొడుకు" అని నేనే రాయి తీసి ముఖాన కొట్టినా. అబద్ధమెందుకు, కొట్టినప్పుడు కడుపు సల్లగా అయింది.

అంతలో తోట రైతు వచ్చి ఆయన మీద అడ్డం పడినాడు. "డ్రోనుతో తోటకు మందు కొట్టనీకి నేను పిలిపిచ్చిన మనిషప్పా" అని ఏడ్చినాడు.

స్టేషన్లో ఎస్సై మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పినాడు. విమానాశ్రయానికి ఏమీ కాలేదు. ఆ మంటలు ఇంకేదో దేశంలో ఎప్పుడో కాలిన నూనె ట్యాంకులవి. పక్క దేశం సర్కారే జీతాలిచ్చి మనుషుల్ని పెట్టి అట్లాంటివి వదులుతాండాది. "మీరు భయపడాల, మీలో మీరు కొట్టుకోని చావాల. వాళ్లకు కావాల్సింది అదే" అన్నాడు. వాళ్లను తిట్టుకున్నా. కానీ రాయి ఎత్తింది నా చెయ్యే గదా.

బెయిలు వచ్చినాక ఆసుపత్రికి పోయినా. ఆ కడపాయన ఎడమ కన్ను తీసేసినారు. పక్కన భార్య కూర్చోని ఉండాది, నా దిక్కు చూడలేదు. నోరు తెరిచి "నన్ను క్షమించన్నా" అన్నా.

ఆయన ఉన్న కన్ను నా మీదికి తిప్పినాడు.

"మైకులో చెప్పింది నువ్వే గదా, గొంతు గుర్తుపట్టినా" అన్నాడు. "తోటలో ఒక్కన్నే ఉంటి, శానా భయమేసింది. నువ్వు అందర్నీ చర్చికాడికి రమ్మంటివని వస్తి."