దోసిట్లో నీళ్లు

మా రాజోలు పక్క ఆడవాళ్లు కువైట్ వెళ్లి అక్కడి ముసలివాళ్లకు అన్నాలు పెడుతుంటారు. మా అమ్మకు అన్నం పెట్టడానికి మాత్రం ఒడిశా కొండల నుంచి మనిషి రావలసి వచ్చింది. అంతకు ముందు పెట్టుకున్న ఇద్దరూ మా ఊరివాళ్లే. ఒకామె మస్కట్ వీసా రాగానే వెళ్లిపోయింది. రెండో ఆమె అమ్మ చేతిలో దెబ్బలు తిని, చెప్పాపెట్టకుండా మానేసి, ఫోను ఎత్తడం కూడా మానేసింది. ఆమెను తప్పు పట్టను. నాకు వీలుంటే నేనూ ఎత్తేదాన్ని కాదు.

అమ్మ రిటైరైన టీచరు. నేనూ టీచర్నే. పొద్దున్న అమ్మతో యుద్ధం, పగలంతా బడిలో పిల్లలతో యుద్ధం, సాయంత్రం మళ్లీ అమ్మతో. మతిమరుపు జబ్బు వచ్చాక నన్ను రోజుకొకరనుకునేది. అమలాపురంలో ఉండే మా అన్నయ్య ఆదివారం చర్చి అయ్యాక ద్రాక్షపళ్లు పట్టుకుని వచ్చేవాడు. కాసేపు కూర్చుని, అమ్మతో ఎలా ఓపిగ్గా ఉండాలో నాకు చెప్పి వెళ్లేవాడు. మహానుభావుడు!

ఒడిశా అమ్మాయి కాకినాడలో ఎవరింట్లోనో పనిచేసి వచ్చింది కాబట్టి తెలుగు ఓ మాదిరిగా మాట్లాడేది. పచ్చటి మనిషి. పాపిట్లో ఇంత సిందూరం, చేతుల నిండా గాజులు. మా ఇంట్లో అడుగుపెట్టిన కొద్దిరోజులకే మా గోదావరి వాళ్లలా ప్రతిదానికీ "ఆయ్" అనడం నేర్చేసుకుంది. అంతకన్నా వింత ఏమిటంటే, అమ్మ ఆ పిల్ల దగ్గర పిల్లిలా అయిపోయింది. కొట్టడం లేదు, తిట్టడం లేదు. స్నానానికి రమ్మంటే లేచి వెళ్లేది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని ఊరుకున్నాను. ఎందుకిలా మారిందని అడిగే ఓపిక నాకెక్కడిది?

ఒకరోజు బడి ఒంటిపూటే పెట్టారు. ఇంటికొచ్చేసరికి ముందుగదిలో ఎవరూ లేరు. పెరట్లోకి వెళ్లాను. కుళాయి దగ్గర అమ్మ నేల మీద గొంతుక్కూర్చుని, తలవంచి, నోటి దగ్గర దోసిలి పట్టి ఉంది. ఆ పిల్ల నిలబడి, చెంబు ఎత్తిపట్టి, ఆ దోసిట్లోకి నీళ్లు పోస్తోంది. తాగడం అయ్యాక అమ్మ చేతులు రెండూ తలకు తుడుచుకుని, "చల్లగా ఉండండమ్మా" అంది.

"ఏంటే ఇది? ఏం చేస్తున్నావు మా అమ్మని?" అని అరిచాను.

ఆ పిల్ల బెదిరిపోయింది. "మంచినీళ్లండి. గ్లాసుతో ఇస్తే తాగరండి. ఇలా పట్టుకుని అడుగుతారండి. మీ ఊళ్లో పెద్దోళ్లు ఇలాగే తాగుతారనుకున్నానండి."

మా ఊళ్లో ఇలాగే! నిజమే, ఒకప్పుడు ఇలాగే. మా అమ్మమ్మ ఒక పెద్ద రైతు పొలంలో ఊడ్పులకూ కలుపుకూ వెళ్లేది. చిన్నప్పుడు అమ్మ కూడా వెంట వెళ్లేది. దాహమేస్తే ఆ రైతు ఇంటి పెరటి గుమ్మం దగ్గర ఇలా కూర్చుని దోసిలి పట్టాలి. ఆ ఇంటి కోడలు చెంబు తగలకుండా పైనుంచి పోసేది. ఇదంతా అమ్మ నాతో ఒక్కసారే చెప్పింది, నేను కాలేజీలో చేరిన ఏడాది. ఆ పొలం రోజుల తరవాత మిషన్ హాస్టల్లో చదువుకుని టీచరయ్యాక, అమ్మ ఎవరింటికి వెళ్లినా కుర్చీ చూసుకుని కూర్చునేది. మేము పిల్లలం ఆడుకుంటూ కుళాయి కింద దోసిలి పడితే చాలు, వీపు మీద ఒక్కటిచ్చి గ్లాసు తెచ్చుకోమనేది. ఇప్పుడు ఆ చదువూ ఆ ఉద్యోగమూ అన్నీ చెరిగిపోయి, అమ్మ మళ్లీ ఆ గుమ్మం ముందుకే పోయి కూర్చుంది. సిందూరం పెట్టుకున్న ఈ పచ్చటి పిల్ల ఆమెకి ఆ ఇంటి కోడలు. అందుకే ఆ అణకువ.

ఫోనులో చెప్పగానే అన్నయ్య ఆ సాయంత్రమే వచ్చాడు. ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాడు. "మా అమ్మ ఎంతమందికి చదువు చెప్పిందో తెలుసా నీకు? ఆవిడని ఇలా నేల మీద కూర్చోబెట్టి తాగిస్తావా?"

ఆ పిల్ల తల దించుకుని "ఆయ్" అంది.

"ఆ సిందూరం తుడిచేసుకోమను" అన్నాడు నాతో.

"దాని మొగుడు నిక్షేపంలా ఉండగా ఎలా తుడుచుకోమంటావు అన్నయ్యా? నువ్వే చెప్పు" అన్నాను. అతను ఇకమీదట గ్లాసుతోనే ఇవ్వాలని గట్టిగా చెప్పి వెళ్లిపోయాడు.

గ్లాసుతోనే ఇచ్చాం. అమ్మ పెదవులు బిగించేసేది. "పెద్దోళ్ల గ్లాసండి, నాకొద్దండి" అనేది. చెంచాతో పోస్తే ఉమ్మేసేది. స్ట్రా పెడితే కొరికేసేది. నాలుక పిడచకట్టుకుపోయింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, జ్వరం కమ్మేసి, అమలాపురం ఆసుపత్రిలో చేర్చి సెలైన్లు ఎక్కించవలసి వచ్చింది. పంపేటప్పుడు డాక్టరుగారు, "ఎలా పట్టిస్తారో మీ ఇష్టమండి, నీళ్లు మాత్రం లోపలికి వెళ్లాలి. ఇంకోసారి ఇలాగైతే తట్టుకోలేరు" అన్నారు. అన్నయ్య గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక ఆ పిల్లతో, "పోనీలే, ఇదివరకు పోసినట్టే పొయ్యి" అన్నాను.

"నేను పొయ్యనండి" అంది నెమ్మదిగా. "మొన్న సారు తిట్టేరు. రేపు ఇంకెవరో చూసి తిడతారు. మీ అమ్మగారు కదండీ, మీరు పొయ్యండి." చెంబు నా చేతిలో పెట్టింది.

ఒళ్లు మండిపోయింది. కానీ ఏమనను? ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?

కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. అమ్మ నా చీర వంకా, చేతిలో చెంబు వంకా చూసింది. మెల్లగా గొంతుక్కూర్చుని దోసిలి పట్టింది. "అమ్మగారూ, కాసిన్ని నీళ్లు పొయ్యండమ్మా" అంది.

కావాలనే చెంబు కిందికి దించి, అమ్మ వేళ్లకు ఆనించి వంచాను. కన్నకూతుర్ని, ఆపాటి చేయలేనా అనిపించింది. అమ్మ చేతులు చటుక్కున వెనక్కి లాక్కుంది. నీళ్లన్నీ నేలపాలయ్యాయి.

"అయ్యో, తగిలిపోయిందండి! మా అమ్మకి తెలిస్తే కొడతాదండి" అని వణికిపోయింది. ముడతలు పడ్డ ఆ మొహంలో చిన్నపిల్ల భయం. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ మళ్లీ దోసిలి పట్టింది. పెదవులు ఎండి చీలి ఉన్నాయి.

"కాస్త పైనుంచి పొయ్యండమ్మా" అంది.

చెంబు పైకెత్తాను. అమ్మ ఒక్క చుక్క కూడా కింద పడనివ్వకుండా తాగింది.