ఉయ్యాల తాడు

పంతొమ్మిది వందల అరవైల్లో ఒక వేసవిలో, చింతామణిలో అంగడి నడిపే మా కుటుంబం కైవారం దగ్గరి అడవిలో గుడారం వేసుకుని రెండు రోజులు ఉంది. మా ఆయనకు తెలిసిన ఫారెస్టు గార్డు వంటకని ఒక కట్టెల మోపు తెచ్చి పడేశాడు. మర్యాదస్తులం కదా, ఎక్కడిదని ఎవరమూ అడగలేదు. మోపు కట్టిన తాడుతో చెట్టుకు ఉయ్యాల వేసి మా పాపను కూర్చోబెట్టాను.

అన్నం ఉడుకుతుండగా ఒకామె వచ్చింది.

"గార్డప్ప లాక్కున్న మోపు నాదేమ్మా. కట్టెలు పోతే పోనీ, తాడు ఇయ్యి. ఇంటికాడ దూడను కట్టేయల్ల."

దించబోతే పాప ఏడుపు అందుకుంది.

"ఊగనీలేమ్మా, దిగినాక తీసుకుంటా" అని ఆమె పక్కన నిలబడింది. పాప ఎంతకీ దిగకపోతే తనే ఊపడం మొదలుపెట్టింది. నేను ఆమె కట్టెల మీద ఉడికిన అన్నం వారుస్తూ కూర్చున్నాను.